తూర్పు గేటు దగ్గర అన్న మాట

పోయిన వారం నన్ను నేను ఆస్పత్రిలో, చెవుల గదిలో, చేతిలో చీటీతో నోట మాట రాకుండా నిలబెట్టి వదిలేశాను. వారమంతా అలాగే నిలబడ్డాననుకోండి, కాళ్లు పీకుతున్నాయి. మధ్యలో వచ్చి చేరినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నాది చెవుల పరీక్షలు చేసే ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్ల కిందట, నాకు ఎనిమిదేళ్లప్పుడు, అమ్మా నాన్నా అక్కా నేనూ ఫుట్‌బాల్ ఫైనల్ చూడటానికి వెళ్లాం. నలుగురం వెళ్లి ముగ్గురం ఇంటికి వచ్చాం. తూర్పు గేటు మూసుకుపోయి, ఆ దారిలో నలిగి చచ్చిపోయిన తొమ్మిది మందిలో మా అక్క ఒకతి. గేటు వేసినవాడు అక్కడ కాపలా కాసే మా మేనమామ, అమ్మకు సొంత తమ్ముడు. మూడేళ్లు జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత అతని ఊసు మా ఇంట్లో ఎత్తనివ్వలేదు అమ్మ. ఆ మామయ్యే ఇప్పుడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని నా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

ఇన్ని వారాలుగా మీకు కూడా చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. గేటు వెయ్యమని అతనికి కేక వేసింది నేనే.

"చెవులు చూపించుకోడానికే వచ్చానమ్మా. భయపడకు," అన్నాడు మామయ్య.

భయపడకు అనగానే ఉన్న భయానికి ఇంకొంత తోడైంది. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని తెలిసినవాడు లోకంలో ఇతనొక్కడే. ఇన్నేళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చాడంటే అదే అడుగుతాడు. "ఎందుకలా అరిచావే?" అంటాడు. 

"నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?" అని అడిగాను. పలకరింపు లేదు, పాడు లేదు. నోరు ఎండిపోతే మర్యాదలెక్కడివి?

"తెలిసి మూడు వారాలైంది. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను." నా మొహంలోకే చూస్తూ అన్నాడు. చిన్నప్పుడూ అంతే, ఎవరు మాట్లాడుతున్నా కళ్లార్పకుండా మొహంలోకి చూసేవాడు. పక్కనుంచో వెనకనుంచో పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. అందుకే ఇంటిల్లిపాదీ అతన్ని పరధ్యానం అని పిలిచేవాళ్లం.

అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాను. కూత వినబడితే చెయ్యెత్తమన్నాను. ఇవతలికి వచ్చి మీట తిప్పాను. సన్నటి కూత వదిలాను. చెయ్యి లేవలేదు. ఇంకాస్త పెంచాను. లేవలేదు. అతను అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. ఆ చూపు తగలగానే వద్దు వద్దనుకున్నా ఆ రోజు వచ్చి మీద పడింది.

నాన్న ఆ మైదానంలో సున్నం గీతలు గీసేవాడు. ఏ జట్టు గెలుస్తుందో ఆయనకు అక్కర్లేదు. ఊరంతా బంతి వైపు చూస్తుంటే ఆయన మాత్రం ఎవడి బూటు తన గీతను చెరిపేస్తోందో చూసేవాడు. "అదిగో, మూల గీత పోయింది. చీకటితో లేచి గీశాను, చవటలు, తొక్కి పారేశారు," అని ఆ రోజు ఆటంతా సణుగుతూనే ఉన్నాడు. అమ్మకు ఆట పట్టదు, జనం గిట్టరు. ఇంట్లో ఒక్కతే ఉండి ఏం చెయ్యాలని వచ్చి, ఊలు కండె ఒళ్లో పెట్టుకుని అల్లుకుంటూ కూర్చుంది.

ఆటంతా అక్కదే. దానికి పన్నెండేళ్లు. ఇరవై ఇద్దరు ఆటగాళ్ల వీపుల మీది అంకెలూ కంఠతా వచ్చు. నాకు కనబడిందల్లా ముందు కూర్చున్న లావుపాటాయన చొక్కా ఒక్కటే. అక్క నా చెవిలో నోరు పెట్టి ఆట చెప్పింది.

"ఏడో నంబరు ఇద్దర్ని దాటేశాడు. కొట్టాడు. గోల్‌కీపర్ పడుకున్నాడు."

"ఎందుకు పడుకున్నాడు?"

"నిద్రొచ్చి."

నవ్వలేక నా పొట్ట పట్టేసింది. అందులో సగం అబద్ధాలని నాకు తెలుసు. ఏది నిజమో ఇంటికి వెళ్లాక తేల్చుకుందాంలే అనుకున్నాను.

ఇంకా పది నిమిషాలుంది. మా ఊరి జట్టు ఒక గోలు వెనకబడింది. ఆకాశం నల్లబడింది. "జనం లేవకముందే వెళ్లిపోదాం పదండి," అంది అమ్మ. అక్క ఐదు నిమిషాలు, రెండు నిమిషాలు, ఒక్క నిమిషం అని బేరమాడింది. అమ్మ దాని చెయ్యి పట్టుకుని లేవదీసింది.

మెట్ల కింద నుంచి బయటికి ఒక పొడుగాటి దారి. సొరంగమనుకోండి. చెమ్మ గోడలు, ఒకే ఒక్క బల్బు. చివర ఇనుప గేటు, లోపలికి తెరుచుకునే రెండు రెక్కలు. ఒక రెక్క వేసి ఉంది, రెండోది తీసి ఉంది. దాని పక్కన ముక్కాలి పీట మీద నిలబడి మామయ్య. మాకంటే ముందు ఓ యాభై మంది, మా వెనక పది పదిహేను మంది. మామయ్య దూరం నుంచే నన్ను చూసి నవ్వాడు.

సగం దారి నడిచామో లేదో, నెత్తిన పిడుగు పడ్డట్టు పైన ఒక్కటే అరుపు. గోలు. మనవాళ్లదే. "చూశావా, చెప్పానా! చెప్పానా!" అని అక్క గెంతింది. అమ్మ చెయ్యి విడిపించుకుని వెనక్కి పోబోయింది, అమ్మ వదల్లేదు.

ఆ అరుపు గేటు బయట కూడా వినబడింది. టిక్కెట్లు దొరకని జనం అక్కడ వందల్లో ఉన్నారు. తెరిచి ఉన్న రెక్కలోంచి ఒక్కసారిగా లోపలికి పడ్డారు. బయటికి పోయేవాళ్లు ఆగిపోయారు, ఎదురు వచ్చేవాళ్లు మీద పడ్డారు, మేం మధ్యలో ఇరుక్కున్నాం. ఎవరిదో మోచెయ్యి నా మొహానికి తగిలింది. మరుక్షణం నాన్న నన్ను ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆయన మెడ చుట్టూ కాళ్లు బిగించాను. ఆయన ఒళ్లు వణుకుతోంది. పెద్దవాళ్ల ఒళ్లు కూడా వణుకుతుందని నాకు అప్పుడే తెలిసింది. అంతకంటే భయపెట్టే సంగతి నా బతుకులో మరొకటి తెలియలేదు.

నాన్న మామయ్య వైపు ఏదో అరిచాడు. ఆ హోరులో అది ఆయన గడ్డం దాటలేదు. తల పైకెత్తి, "నువ్వు చెప్పవే గంటా! నీ గొంతైతే వినబడుతుంది!" అన్నాడు. నా గొంతు ఖంగుమంటుందని అందరూ నన్ను గంట అనేవాళ్లు. మళ్లీ ఆ మాట అన్నాడు. నేను ఊపిరంతా కూడగట్టి అదే మాట అరిచాను. మామయ్య సూటిగా నా వైపే చూశాడు. పీట దిగి, తెరిచి ఉన్న రెక్కను నెట్టి, అడ్డగడియ వేసేశాడు.

కాసేపు నిజంగానే నయంగా ఉంది. బయటివాళ్లు ఆగిపోయారు. అప్పుడు వాన మొదలైంది. పైన మెట్ల మీద కప్పు లేదు. తడుస్తున్న జనం తలదాచుకోడానికి మా దారిలోకి దిగారు. వాన వస్తే గొడుగు లేనివాడు నీడకు పరిగెత్తడం తప్పెలా అవుతుంది చెప్పండి? వాళ్లకు గేటు వేసి ఉందని తెలియదు. వెనక నుంచి వస్తూనే ఉన్నారు. ముందువాళ్లు గేటుకు అతుక్కుపోయారు. లోపలికి తెరుచుకునే గేటును అంతమంది ఒళ్లు ఆని ఉంటే ఎవడు తియ్యగలడు? నాన్న మళ్లీ ఏదో అరిచాడు, అందరూ అరిచారు, తర్వాత అరుపులు తగ్గుతూ వచ్చాయి. నేను అందరి తలల కంటే ఎత్తున ఉన్నాను కాబట్టి బతికాను. అమ్మ చేతిలో అక్క చెయ్యి కాసేపు ఉంది. తర్వాత లేదు.

విచారణలో నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. నా కాళ్లు నేలకు అందలేదు. "గేటు తీసెయ్ అన్నాను," అన్నాడు నాన్న అధికారితో. "ఆ రెండో రెక్క కూడా తీసెయ్ అన్నాను. పిల్ల అరిచింది. అతనికేం వినబడిందో నాకు తెలీదు." అధికారి నా వైపు వంగి, "నువ్వేమని అరిచావు పాపా?" అన్నాడు.  మూల నిలబడి ఉన్న మామయ్య, "పిల్లనేం అడక్కండి సార్. నాకే తోచింది, నేనే వేశాను," అన్నాడు.

అంతే. ఎనిమిదేళ్ల బుర్రతో నేను తేల్చుకున్నది ఇది. నాన్న తీసెయ్ అన్నాడు. నేను వేసెయ్ అని విని, వేసెయ్ అని అరిచాను. నా తప్పు కప్పిపుచ్చడానికి మామయ్య జైలుకు పోయాడు. తీసెయ్, వేసెయ్. మొదటి అక్షరమే తేడా, గోలలో ముందుగా పోయేదీ ఆ అక్షరమే. అది నాకు ఇప్పుడు రోజూ ఈ అద్దాల గదిలో కనబడుతూనే ఉంటుంది. ఇంట్లో నేను తలుపు తియ్యమనీ అనను, వెయ్యమనీ అనను. "తలుపు సంగతి చూడు," అంటాను. పొగరనుకునేవాళ్లు పొగరనుకుంటారు, తిక్కనుకునేవాళ్లు తిక్కనుకుంటారు. ఆ రెండు మాటల్లో ఏది నోటిదాకా వచ్చినా నాకు ఊపిరాడదు.

కూత బాగా పెంచాక మామయ్య కుడి చెయ్యి కొంచెం లేచింది. ఎడమ చెవికి ఎంత పెంచినా లేవలేదు.

తర్వాతిది మాటల పరీక్ష. నేను ఒక మాట అంటాను, ఎదుటివాళ్లు తిరిగి అనాలి. నోటికి అట్టముక్క అడ్డం పెట్టుకుని అనడం మా పద్ధతి, లేకపోతే కొందరు పెదాలు చూసి చెప్పేస్తారు. అతని హెడ్‌ఫోన్లు తీసి, ఎదురుగా కూర్చుని అట్ట అడ్డం పెట్టి "పాలు" అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "మేడ" అన్నాను. ఊపాడు. గట్టిగా "బండి" అన్నాను. "ఎండా?" అన్నాడు. చెయ్యి నొప్పిపుట్టి అట్ట దించి, మామూలు గొంతుతో, "పోనీ మామయ్యా, కాసేపు ఆగుదాం, మంచినీళ్లు తాగుతావా?" అన్నాను.

"వద్దమ్మా. ఇప్పుడే తాగి వచ్చాను," అన్నాడు.

నేను అట్ట మళ్లీ ఎత్తాను. "మామయ్యా, నీకు వినబడుతోందా?" అన్నాను.

అతను అట్ట వైపు చూస్తూ ఊరుకున్నాడు.

దించాను. "ఎప్పట్నుంచి?"

"నాకు పద్నాలుగేళ్లప్పుడు పెద్ద జ్వరం వచ్చింది, అప్పట్నుంచి. ఎడమది మొత్తం పోయింది. కుడిదాంట్లో ఏదో గొణుగుడు మిగిలింది, ఇప్పుడు అదీ పోతోంది. మిషనేమన్నా పెడతారేమోనని వచ్చాను." తప్పు చేసి దొరికినవాడిలా నవ్వాడు. "కాపలా ఉద్యోగానికి చెవిటివాణ్ని ఎవడు పెట్టుకుంటాడు? మొహాలు చూసి నెట్టుకొచ్చాను. మీ అమ్మకొక్కదానికే తెలుసు."

పరధ్యానం అని నవ్వుకున్నాం ఇంటిల్లిపాదీ. 

"అయితే ఆ రోజు... నా అరుపు?"

"అరుపు నాకెక్కడ వినబడిందే గంటా? నువ్వు అరిచింది చూశాను."

నా ఉద్యోగం నాకు తెలుసు. చెవికి తీసెయ్, వేసెయ్ ఒక్కలా ఉంటాయి. కంటికి ఉండవు. తీ అన్నప్పుడు పెదాలు పక్కలకు సాగి పళ్లు కనబడతాయి. వే అన్నప్పుడు కింది పెదవి లేచి పై పళ్లకు తగులుతుంది. పెదాలు చదివేవాడు ఆ రెంటినీ పొరపాటున కూడా కలపడు. ఇరవై తొమ్మిదేళ్లుగా నాకున్న ఒకే ఒక్క చిన్న ఆశ, నేను సరిగ్గానే అరిచి అతనే తప్పు విన్నాడేమోనన్న ఆశ, అక్కడితో పోయింది.

"వేసెయ్ అన్నాను కదూ?" నా గొంతు నాకే వినబడలేదు.

"అవును. వేసెయ్ అన్నావు."

 ఇంకేం మిగల్లేదు, చెప్పేశాను. మొత్తం చెప్పేశాను. నాన్న తీసెయ్ అంటే నేను తప్పు విని అక్కను చంపానని, నా కోసం నువ్వు జైలుకు పోయావని, ప్రతి రాత్రీ అదే గేటు దగ్గరకు వెళ్లొస్తున్నానని, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా చెప్పాను. నా పెదాలు చూస్తున్న మామయ్య మొహంలో రక్తం చుక్క లేదు.

"ఇదా నువ్వు మోస్తున్నది?" అన్నాడు. "ఎవరితోనూ అనలేదా?"

"ఎవరితో అంటాను?"

అతను కుర్చీ ముందుకు జరుపుకుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇటు చూడు. ఆ రోజు నాకు నువ్వొక్కదానివే కనబడ్డావా? మీ నాన్న భుజాల మీద ఉన్నావు. ఆయన మొహం, దాని మీద నీ మొహం. ముందు ఆయన అన్నాడు. ఆ తర్వాత నువ్వు అన్నావు. రెండు నోళ్లూ ఒకే మాట అన్నాయి. వేసెయ్. నువ్వేం తప్పు వినలేదమ్మా. ఆయన చెప్పిందే చెప్పావు."

"నాన్న విచారణలో..."

"తీసెయ్ అని కూడా అన్నాడు. వాన వచ్చాక. అప్పటికి ఎవరి వల్లా కాలేదు. అధికారికి రెండోది చెప్పి మొదటిది మింగాడు."

"మరి నువ్వెందుకు నోరు మూసుకున్నావు?"

"నిజం చెబితే నిన్ను తిప్పి తిప్పి అడుగుతారు. పైగా నేనెలా చూశానో చెప్పాలి. గేటు దగ్గర చెవిటివాడున్నాడని తేలితే మూడేళ్లతో పోయేదా? బయటివాళ్లు మీద పడుతుంటే ఆ క్షణాన నాకూ వెయ్యడమే మంచిదనిపించింది. ఆయన మీద నాకు కోపం లేదు. కూతుర్ని పోగొట్టుకున్నవాడి మీద కోపమేమిటి?"

అతనికి లేదు. నాకుంది. ఆస్పత్రి మెట్లు ఎలా దిగానో తెలియదు. మామయ్యను బస్సు స్టాపు బెంచీ మీద కూర్చోమని చెప్పి, వచ్చేదాకా కదలొద్దని ఎదురుగా నిలబడి చెప్పి, ఇంటికి నడిచాను. కోపం కొంత దూరమే తోడు వచ్చింది. వీధి మలుపు తిరిగాక మళ్లీ భయమే. నాన్న కాదంటే ఎవరి మాట నమ్మాలి? అవునంటే ఆ ఇంట్లో రేపు పొద్దున్న ఎలా లేవాలి?

నాన్న ముందు గదిలో గీతలకు కట్టే నైలాన్ తాడు చిక్కు తీసి ఉండ చుడుతున్నాడు. ఇప్పటికీ బడి మైదానాలకు పిలుస్తారు. వంటింట్లో అమ్మ అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది.

"నాన్నా, ఆ రోజు గేటు దగ్గర నువ్వేమన్నావు?"

తాడు చుట్టే చెయ్యి ఆగలేదు. "తీసెయ్ అన్నాను. ఇప్పుడెందుకది?"

"మామయ్యకు చెవులు వినబడవు. అప్పుడు కూడా వినబడేవి కావు. మన మొహాలు చూశాడు. నీదీ, నాదీ."

చెయ్యి ఆగింది. "వాడొచ్చాడా?"

"బస్సు స్టాపులో కూర్చోబెట్టి వచ్చాను. నేను తప్పు విన్నాననుకున్నాను నాన్నా! అక్కను నేనే చంపాననుకున్నాను! ఇన్నేళ్లూ నీ పక్కన కూర్చుని అన్నం తిన్నాను. ఒక్కసారి చెప్పలేకపోయావా, నీ నోటి తప్పు కాదే అని?"

"నిన్నెవరన్నారే?" నాన్న తాడు వదిలేశాడు. "నిన్నెవరైనా ఒక్క మాట అన్నారా? నువ్వలా అనుకుంటున్నావని నాకేం తెలుసు?" అంటూ వంటింటి వైపు చూశాడు. నన్ను చూడాల్సినవాడు అటెందుకు చూశాడో నాకు అర్థం కాలేదు. చిన్నపిల్లాడు ఇంట్లో పెద్దవాళ్లను ఏదో అడగబోయే ముందు చూసినట్టు చూశాడు.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఆయన్నేం అడగొద్దు," అంది. "ఆ మాట ఆయనది కాదు."

"వద్దు," అన్నాడు నాన్న లేస్తూ. "ఎవరికీ చెప్పనని ఒట్టేశావు. ఊరుకో."

అమ్మ ఊరుకోలేదు. "బయటివాళ్లు మీద పడుతుంటే నా పిల్లలు నలిగిపోతారని గుండె ఆగిపోయింది నాకు. గేటు వేసెయ్యమనండి, వేసెయ్యమనండి అని ఆయన చెవిలో అరిచింది నేను. నేను చెబితే ఆయన అన్నాడు, ఆయన చెబితే నువ్వు అన్నావు. అప్పుడు మీ అక్క చెయ్యి నా చేతిలోనే ఉంది."

నాకు కూర్చోవాలనిపించింది గానీ ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. అమ్మ మూల ఉన్న చెప్పుల్లో కాళ్లు పెట్టింది. నాన్న వెళ్లి వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వాడికి తెలీదే అది," అన్నాడు. "మూడేళ్లు జైల్లో పెట్టించి, ఆ తర్వాత గడప తొక్కనివ్వకుండా చేశావు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెబుతావు?"

"ఈ మొహమే. వాడు మొహాలు చూసే కదా వింటాడు," అంది అమ్మ. "తప్పుకోండి."